పనసకాయతో కలిపి లీటరుకు ఎంత?

కోనసీమ వెళ్ళొచ్చిన ప్రతివాడూ కొబ్బరిచెట్ల గురించి చెబుతాడు. నేనూ చూశాను. ఉన్నాయి, చాలానే ఉన్నాయి. ఆ సంగతి అంతటితో వదిలేద్దాం. నేను వెళ్ళింది చెట్లు చూడటానికి కాదు, ఒక కారు లీటరు పెట్రోలుకు ఎంత దూరం పోతుందో చూడటానికి. మూడు రోజులు తిరిగాను. రెండు పూటలు ఆనందంతో గాల్లో తేలాను, చివరి పూట మాత్రం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను.

నాది నరసరావుపేట. ఏడో తరగతి లెక్కల పరీక్ష రోజున లారీ క్లీనరుగా చేరిపోయినవాణ్ణి. ఆ పరీక్ష ఇప్పటికీ బాకీ. తర్వాత కువైట్‌లో కొన్నేళ్ళు ఒక పెద్దింటి కార్లు తోలాను. అక్కడ పెట్రోలు ధర ఎవరూ అడగరు, మైలేజీ అన్న మాటే వినపడదు. తిరిగొచ్చి డీజిల్ బండి కొని టాక్సీ పెట్టుకున్నాక మాత్రం ఆ ఒక్క మాటే చెవుల్లో మోగుతోంది. నా బండి లీటరుకు పధ్నాలుగు ఇస్తుంది, అదీ ఖాళీగా ఉండి, ఏసీ ఆపేసి, ఎదురుగాలి లేకపోతే.

కువైట్‌లో నా పక్క మంచం ఏసురత్నానిది. రాజోలు దగ్గర పల్లె. ఇక గల్ఫ్ వద్దనుకుని వాడు నాకన్నా వెనక వచ్చి, పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ కారు కొన్నాడు. జీపులా ఎత్తుగా, కారులా మెత్తగా ఉంటుంది. దీన్ని క్రాసోవర్ అంటారట. ఇప్పుడు పాత సేటు మళ్ళీ వీసా పంపాడు. రత్నం భార్య కరుణకు డ్రైవింగ్ రాదు. అందుకని నాకు ఫోన్ చేశాడు.

“షెడ్డులో పెట్టేస్తే బ్యాటరీ పాడైపోద్దండీ సాంబయ్యగారూ. రావులపాలెంలో బేరగాడు అడుగుతున్నాడు గానండీ, మీకిస్తే మనింట్లో ఉన్నట్టే కదండీ. లీటరుకు ఇరవై ఇవ్వకపోతే నా పేరు మార్చుకుంటానండీ.”

“ఇప్పుడే మార్చుకోమాక, పాస్‌పోర్టుతో తంటా. నేనొచ్చి తోలి చూస్తా. ఇరవై వస్తే నాది, రాకపోతే నీది” అన్నాను.

నా డీజిల్ బండి కొంటానని చిలకలూరిపేట ఆసామి ఒకాయన తిరుగుతున్నాడు. వారంలో మాట చెప్పకపోతే వేరే బండి చూసుకుంటానన్నాడు. పాతది అమ్మితేనే కొత్తది కొనగలను. రెండూ ఉంచుకునే స్తోమత లేదు. రెండూ లేకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. మా ఆవిడ నాగమణి గుమ్మం దాకా వచ్చి హెచ్చరించింది: “ఆళ్ళు పెట్టే తిండి చూసి తలకాయ ఊపి రామాక. మీటరు చూసి రా.”

నర్సాపురం రేవు

నర్సాపురంలో రైలు దిగేసరికి రత్నం కారుతో సహా గోదావరి ఒడ్డున నిలబడి ఉన్నాడు. అవతలి ఒడ్డు సఖినేటిపల్లి. మధ్యలో పంటు, అంటే రెండు పడవల మీద చెక్కల తలం వేసి మనుషుల్నీ బళ్ళనూ దాటించేది. మా పల్నాట్లో నీళ్ళు దాటడమంటే పంట్లాం పైకి మడుచుకోవడమే. ఇక్కడ కార్లూ స్కూటర్లూ మేకలూ పెళ్ళివారూ ఒకే పలకమీద ఎక్కి, ఒకరినొకరు “కాస్త జరగండీ” అనుకుంటూ నది దాటేస్తారు. మేకతో కూడా ఒకాయన “అండీ” అన్నాడని నా అనుమానం.

“వంతెన మీదుగా రావొచ్చుగా?” అన్నాను.

“చుట్టు తిరుగుడండీ. పెట్రోలు దండగ కదండీ.”

ఈ పరీక్షకు సరైన మనిషే అనుకున్నాను.

పంటు మీద చేపల తట్ట పెట్టుకుని ఒకామె మా కారును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసింది.

“కరెంటు బండంటగా, చార్జింగు ఎక్కడ పెడతారండీ?”

“పెట్టక్కర్లేదండీ. బ్రేకు తొక్కినప్పుడల్లా దానంతటదే ఎక్కేస్తదండీ” అన్నాడు రత్నం.

“మరి బ్రేకులే తొక్కుకుంటా పోవచ్చు కదండీ, పెట్రోలెందుకండీ?”

రత్నం సఖినేటిపల్లి ఒడ్డు ఎంత దూరముందో లెక్కపెట్టుకున్నాడు. నేను మాత్రం ఆమె దగ్గర రెండు కొరమేన్లు కొన్నాను. అంత తెలివైన మనిషిని ఊరికే పంపడం నాకు నచ్చలేదు.

రాజోలు

రాజోలు బంకులో ట్యాంకు మూతిదాకా నింపించాం. లీటరు నూటపదికి అటూ ఇటూ. మా ఊళ్ళోనూ అంతే. ఈ ఒక్క విషయంలో కోనసీమకూ పల్నాడుకూ తేడా లేదు. లెక్క సూటిగా పెట్టుకున్నాం: ఇక్కడ నింపాం, ఎల్లుండి రావులపాలెంలో మళ్ళీ మూతిదాకా నింపుతాం. మధ్యలో తిరిగిన కిలోమీటర్లను పట్టిన పెట్రోలుతో భాగిస్తే నిజం బయటపడుతుంది. తెరమీద కారు చూపించే అంకెను నేను నమ్మను. తన గురించి తాను చెప్పుకునేవాళ్ళను మనుషుల్లోనే నమ్మను, కార్లను ఎందుకు నమ్మాలి?

స్టీరింగు నాకిచ్చాడు. మీట నొక్కితే తెర వెలిగింది గాని చప్పుడు రాలేదు. ఇంకోసారి నొక్కాను. తెర ఆరిపోయింది.

“స్టార్టయ్యిందండీ. ఆపేసేరు” అన్నాడు రత్నం.

నా బండి స్టార్టయితే వీధిలో చంటిపిల్లలు లేస్తారు. ఇదేమో ఇంట్లోకి ఆలస్యంగా వచ్చిన మొగుడిలా అడుగులో అడుగేసుకుంటూ కదిలింది. వేగం పెరిగాక ఇంజను ఎక్కడో దూరంగా గొంతు సవరించుకుంది. కాలు తీయగానే మళ్ళీ మౌనం. నాకు నవ్వాగలేదు. అంతర్వేది దాకా తోలుకెళ్ళి, సముద్రం కనిపించినా దిగకుండా మళ్ళీ వెనక్కి తోలుకొచ్చాను. రత్నమూ కొన్న కొత్తలో అలాగే తిరిగాడట.

రాత్రి భోజనం రత్నం ఇంట్లో. కరుణ నేను తెచ్చిన కొరమేన్లే పులుసు పెట్టింది. నోట్లో పెట్టుకుంటే బెల్లం తగిలింది.

“చేపల పులుసులో బెల్లమేందమ్మా? చేపకు పుట్టినరోజా?” అన్నాను.

“మీ పల్నాటి కారం తిన్నవాళ్ళకు నాలిక మీద రుచి ఎక్కడుంటదన్నయ్యగారూ? కాలిపోయి ఉంటది కదండీ” అంది కరుణ చిరునవ్వు చెదరకుండా, ఇంకో గరిటె వేస్తూ.

మా ఊళ్ళో ఎవరైనా వద్దంటే వద్దనే లెక్క, గిన్నె లోపలికి వెళ్ళిపోతుంది. ఇక్కడ మొదటి “వద్దు” వినపడదు, రెండోది మర్యాద, మూడోది అంటే కడుపు బాగాలేదేమోనని వాము తెస్తారు. నేను వాము దాకా వెళ్ళాను.

కాలవగట్టు, అంబాజీపేట

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. కాలవగట్టు మీద కారు బ్యాటరీతోనే పోతోంది. టైర్ల కింద ఇసుక నలిగిన శబ్దం, పక్కన నీళ్ళు. నా జన్మలో కారులో కూర్చుని పిట్ట కూత వినడం అదే మొదటిసారి. రత్నంతో ఆ మాటే చెబుతుండగా రోడ్డుకు అడ్డంగా బాతుల మంద కనిపించింది. మామూలు బండి వస్తే దూరం నుంచే తప్పుకుంటాయి. మా కారు చప్పుడు వాటికి వినపడలేదు. వెళ్ళి వాటి తోకల వెనక నిలబడ్డాం. ఒక్కటీ తిరిగి చూడలేదు.

“హారన్ కొట్టండీ.”

కొట్టాను. మందంతా ఒక్కసారిగా కాలవలో దూకింది, వెనకే బాతుల కాపరి కూడా కాలుజారి మోకాలి లోతు నీళ్ళలోకి దిగాడు. పరుగున వెళ్ళి చెయ్యందించాను. మా ఊళ్ళో అయితే నా వంశవృక్షం మొత్తం బయటికొచ్చేది. ఆయన లుంగీ పిండుకుంటూ, “దొంగలా వచ్చేరేంటండీ మీరు?” అని మాత్రం అడిగాడు. తిట్టులో కూడా “అండీ” తగ్గలేదు.

అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నాం. పనసాకుల్ని బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీపిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పుతుంటే వచ్చే వాసనకే నలభై రూపాయలు ఇవ్వొచ్చు. ఇడ్లీ ఉచితం అనుకోవాలి. తర్వాత బొండం తాగుదామని ధర అడిగితే కొట్టువాడు అదీ నలభై అన్నాడు.

“చుట్టూ కొబ్బరితోటే కదయ్యా. మా ఊళ్ళోనూ నలభయ్యే. ఇక్కడైనా తగ్గదా?”

“రేటు తోటని బట్టి ఉండదండీ, చెట్టెక్కేవాణ్ణి బట్టి ఉంటదండీ. ఇప్పుడెవరూ ఎక్కట్లేదండీ. మీరెక్కి దింపుకుంటే ఉత్తినే తీసుకోండి.”

పైకి చూశాను. నలభై ఇచ్చాను.

అమలాపురం గడియార స్తంభం

అమలాపురంలో గడియార స్తంభం దగ్గర బస్సులూ ఆటోలూ చిక్కుపడి, మేం మధ్యలో ఇరుక్కున్నాం. ఇంజను ఆగిపోయింది. హైబ్రిడ్‌కు అది మామూలే. నిలబడితే పెట్రోలు తాగదు, అదే దాని గొప్ప. ముందున్న బస్సు కదిలింది గాని నేను తెరమీద అంకెలు చూస్తూ ఆలస్యం చేశాను. అంతలో అద్దం మీద ఎవరో తట్టారు. తెల్లచొక్కా పెద్దాయన.

“బండి ఆగిపోయినట్టుందండీ?”

“ఆగలేదండీ, నడుస్తానే ఉంది.”

ఆయన వంగి, ఇంజను దగ్గర చెవి పెట్టి, నావైపు జాలిగా చూశాడు. “మొహమాటపడకండీ. ఆయ్, ఒక చెయ్యి వెయ్యండయ్యా!” అని కేకేశాడు.

నేను వద్దు వద్దంటూనే ఉన్నాను. ఇక్కడ మొదటి వద్దు వినపడదని ముందే చెప్పాను కదా. అయిదారుగురు వెనక చేరి తోయడం మొదలుపెట్టారు. బ్రేకు తొక్కి ఉంచితే వాళ్ళ నడుములు పోతాయని కాలు తీశాను. కారు బ్యాటరీ మీద చల్లగా కదిలింది. వాళ్ళు తోస్తున్నారు, నేను పోనిస్తున్నాను. కూడలి దాటేదాకా అలాగే వచ్చి, ఎవరికీ చెమట కూడా పట్టలేదని వాళ్ళలో వాళ్ళే ఆశ్చర్యపోయారు.

“ఎంత తేలిగ్గా ఉందండీ బండి! తోసినట్టే లేదండీ.”

“మీ చేతి చలవండీ” అన్నాను. నాకూ “అండీ” అంటుకుంది. పెద్దాయన టీ ఇప్పిస్తేగాని వదల్లేదు. రత్నం సీటులో ఒరిగి నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. పెట్రోలూ బ్యాటరీ కాక ఈ కారుకు మూడో ఇంధనం అమలాపురం జనమని, దీన్ని మైలేజీలోంచి తీసెయ్యాలా వద్దా అని ఉప్పలగుప్తం దాకా వాదించుకున్నాం.

ఉప్పలగుప్తం

దారికి రెండుపక్కలా రొయ్యల చెరువులు. నీళ్ళకు గాలి ఎక్కించే చక్రాలు గిరగిరా తిరుగుతుంటే తుంపర్లు రోడ్డుమీదికి వస్తున్నాయి. నేరుగా సముద్రం ఒడ్డుకు పోనిచ్చి, అక్కడ తెర చూశాను. ఆ పూట లెక్క ఇరవై నాలుగు.

తెరను నమ్మనన్నాను కదా. నమ్మేశాను. ఇరవై నాలుగు అంటే ఏమిటో డీజిల్ బండి తోలేవాడికి చెప్పక్కర్లేదు. నా బండికి కిలోమీటరు నడిస్తే ఏడు రూపాయల డీజిలు పోతుంది. ఇది అయిదుకే పోతోంది. ఇంజను సగం దారి నిద్రపోతుంది గనక ఆయిలూ కుదురుగా ఉంటుంది, బ్రేకులు కూడా తొందరగా అరగవట. పెద్ద బ్యాటరీకి కంపెనీ పూచీ ఇంకా కొన్నేళ్ళు ఉంది. టాక్సీగా పసుపు బోర్డుకు మార్పించడానికీ పన్నుకూ కొంత పోయినా, ఏడాది తిరిగేలోపు వచ్చేస్తుంది. లెక్కల పరీక్ష ఎగ్గొట్టినవాణ్ణి, ఇసుకలో వేలితో గుణకారాలు చేశాను. అల వచ్చి తుడిపేసినా ఆగలేదు. అక్కడి నుంచే చిలకలూరిపేట ఆసామికి ఫోన్ కొట్టాను: బండి నీదే, వచ్చి తీసుకుపో.

రత్నానికి చెప్పలేదు. రావులపాలెంలో లెక్క తేలాక చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను.

ఆ రాత్రి కరుణ మేనమామ ఇంట్లో బస. రొయ్యల చెరువులాయన. మాట తక్కువ, చేతులు ఎక్కువ. నాలుగు రకాల రొయ్యల కూరలు పెట్టించి, తెల్లారి మేం లేచేసరికి డిక్కీ నింపేశాడు. బియ్యం బస్తా, ఒలిచిన కొబ్బరికాయలు రెండు గోనెలు, ఐసు దట్టించిన పెద్ద పెట్టెలో రొయ్యలు.

రత్నం ముఖం వాడిపోయింది. “మావయ్యగారూ, మైలేజీ చూసుకుంటన్నామండీ...”

“చూసుకోండి. మంచిదే కదా” అన్నాడాయన, ఇంకో గోనె ఎత్తి పెడుతూ.

“వద్దని గట్టిగా చెప్పవయ్యా” అని రత్నం చెవిలో అన్నాను.

“బాధపడతారండీ. బండి అమ్ముడవ్వకపోతే మానె, మావయ్యగారు మళ్ళీ మాట్లాడరండీ.”

అంతలో నాగమణి ఫోన్: “ఆళ్ళొచ్చి బండి తోలుకుపోయారు. వాకిలి బోసిగా ఉంది. ఇరవై వచ్చింది గదా?”

“వచ్చుద్ది” అన్నాను. మాట చెప్పాను గాని, కారు వెనకభాగం నేలకు దిగి కూర్చోవడం నా కళ్ళ ముందే ఉంది.

ద్రాక్షారామం

ఎదుర్లంక వంతెన దాటి ద్రాక్షారామం చేరాం. ఎండ చిటపటలాడుతోంది. రొయ్యల పెట్టెలో ఐసు కరగడం మొదలైంది. ఇంత దూరం వచ్చి భీమేశ్వరుణ్ణి చూడకుండా పోతే ఎలా? రత్నం తను కార్లో ఉంటాననీ, నన్ను దర్శనం చేసుకు రమ్మనీ అన్నాడు.

లోపల రాతి మండపంలో చల్లగా ఉంది. రెండంతస్తుల ఎత్తు స్వామి. మెట్లెక్కి పైనుంచి కూడా దర్శనం చేసుకోవచ్చు. అందరూ ఏమేమి కోరుకున్నారో తెలియదు. నేను మాత్రం చేతులు జోడించి, “స్వామీ, లీటరుకు ఇరవై” అన్నాను. పక్కనున్న ముసలమ్మ నావైపు అనుమానంగా చూసి, పాల సంగతి అనుకుందేమో, “మా గేదె అయిదే ఇస్తోంది బాబూ” అంది.

బయటికొస్తే కారు ఉన్నచోటే ఉంది, ఇంజను మోగుతోంది. రత్నం వెనక సీట్లో రొయ్యల పెట్టె పెట్టి, రెండు ఏసీ గొట్టాలూ దానివైపే తిప్పి కూర్చున్నాడు.

“ఏందయ్యా ఇది?”

“పాడైపోతాయండీ. మావయ్యగారు అడుగుతారండీ. బ్యాటరీ అయిపోయిందండీ, ఏసీ కోసం ఇంజను అదే లేచిందండీ.”

“ఎంతసేపటి నుంచి?”

“మీరు లోపలికెళ్ళిన కాడ్నించీనండీ.”

నేను మండపం శిల్పాలన్నీ తీరుబడిగా చూసి వచ్చానని అప్పుడు గుర్తొచ్చింది. తెర చూశాను. ఇరవై నాలుగు ఎప్పుడో పోయింది. అక్కడి నుంచి కొత్తపేట దాకా కాలి బొటనవేలితో తోలాను. ఆటోలు మమ్మల్ని దాటిపోయాయి. ఒక సైకిలు కూడా చాలాసేపు మాతో సమానంగా వచ్చింది.

కొత్తపేట

కొత్తపేటలో రత్నం అక్క సువార్తమ్మగారు హెడ్మిస్ట్రెస్. గుమ్మంలోనే రొయ్యల్లో సగం దింపించుకుని, వాటి బదులు రెండు పనసకాయలూ ఒక అరటిగెలా ఎక్కించారు. తేలికైందన్న నా సంతోషం గుక్కెడు మంచినీళ్ళు తాగేంతసేపు నిలిచింది.

“అక్కా, ముందు నా మాట ఇను. ఇరవై రాకపోతే సాంబయ్యగారు బండి తీసుకోరు” అన్నాడు రత్నం.

“మైలేజీ కోసం పనసకాయ మానేస్తామా? ఈయన మొదటిసారి వచ్చేరు మనింటికి. ఉత్తి చేతుల్తో పంపితే ఊళ్ళో ఏమంటారు?” అని తమ్ముణ్ణి కసిరి, నావైపు తిరిగారు. “మీరు రావులపాలెమే కదండీ వెళ్ళేది? మాకు అక్కడ స్త్రీల ప్రార్థన కూడిక ఉందండీ. ఆటో ఎందుకు, మీతోనే వచ్చేస్తాం.”

‘మేం’ అంటే ఆవిడ ఒక్కరే అనుకున్నాను. పక్కింటి నుంచి ఇంకో ఇద్దరు తెల్లచీరల ఆడవాళ్ళు పాటల పుస్తకాలతో వచ్చారు. ముగ్గురూ నిండైన మనుషులు. అరటిగెల ముందు సీట్లో రత్నం ఒళ్ళోకి వెళ్ళింది. దారంతా కూడికలో పాడబోయే పాటలు పాడి చూసుకున్నారు. చాలా బాగా పాడారు. పెట్రోలు ముల్లు దిగుతుంటే నాకు మాత్రం ఒక్క ముక్కా తలకెక్కలేదు.

రావులపాలెం

బంకులో మూతిదాకా నింపించాం. నడిచింది రెండువందల ఇరవై కిలోమీటర్లు. పట్టింది పదకొండున్నర లీటర్లు. సువార్తమ్మగారు వెనకసీట్లోంచే నోటిలెక్క కట్టేశారు: “పంతొమ్మిది. పైన ఏదో చిల్లర.”

కార్లో పాటలు ఆగిపోయాయి. రత్నం అరటిగెల సీట్లో పెట్టి దిగాడు.

“పంతొమ్మిది తక్కువేం కాదులే. నేను తీసుకుంటున్నా” అన్నాను.

“వద్దండీ.”

“వద్దేందయ్యా?”

“ఇరవై అన్నానండీ. రాలేదండీ. బేరగాడికి ఇచ్చేస్తానండీ. ఆడికి నేనే మాటా ఇవ్వలేదు, ఆడితో బాధ లేదండీ. మీకిచ్చి, రేపు మీరు మనసులో ఓ మాట అనుకుంటే నేను కువైట్‌లో అన్నం తినలేనండీ.”

ఇక దాచి లాభం లేదు. “ఒరే రత్నం, నా బండి అమ్మేశా. పొద్దున్నే తోలుకుపోయారు. ఇప్పుడు నువ్వియ్యకపోతే నేను రేపట్నుంచి నడిచి తిరగాల.”

రత్నం రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. మెత్తబడతాడనుకున్నాను. “అయ్యో! అయితే అసలు ఇవ్వలేనండీ! ఉన్న బండి అమ్ముకుని వచ్చిన మనిషికి మాట తప్పిన బండి అంటగడతానా?”

కొనేవాడు వంక పెట్టడం, అమ్మేవాడు బతిమాలడం నేను లోకమంతా చూశాను. అమ్మేవాడే తన సరుకు పనికిరాదంటుంటే, కొనేవాడు అది బంగారమని ఒట్లు పెట్టుకోవడం ఆ రోజు రావులపాలెం బంకులోనే చూశాను. ఆ కొనేవాణ్ణి నేను. నాగమణి ముఖం, బోసి వాకిలి కళ్ళముందు తిరిగాయి.

రోడ్డవతల అరటి మార్కెట్టు. గెలల లారీలు తూచే వేబ్రిడ్జి కనిపించింది. లారీ మీద పెరిగినవాణ్ణి, నాకు తెలిసిన చదువు అదొక్కటే. రత్నాన్ని కూడా ఎక్కించుకుని నేరుగా దాని మీదికి తోలాను.

“ఏంటండీ ఇది?” అని సువార్తమ్మగారు కంగారుపడ్డారు.

“బండి తూపిస్తన్నానండీ.”

“మమ్మల్ని దింపండీ ముందు! బజార్లో మా బరువు మైకులో చెప్తారా?”

ముగ్గురూ ఏ తలుపు దగ్గరుంటే ఆ తలుపులోంచి దిగిపోయారు. నేనూ రత్నమూ దిగాం. కాటా అబ్బాయి అంకె చెప్పాడు. బండి కాగితంలో రాసి ఉన్న ఖాళీ బరువు తీసేశాం. పెట్రోలు పోను సామానే రెండు క్వింటాళ్ళు దాటింది. బియ్యం, కొబ్బరికాయలు, మిగిలిన రొయ్యలు, ఐసు, పనసకాయలు, గెల.

“ఇప్పుడు చెప్పు రత్నం. నా టాక్సీ ఖాళీగా తిరుగుద్దా? ఖాళీగా తిరిగితే నాకు కూడెక్కడిది? ఎయిర్‌పోర్టుకు పోయే ఇంటిల్లిపాదీ, వాళ్ళ పెట్టెలూ, పచ్చడి జాడీలూ ఎక్కితే ఇంతే బరువు. నువ్వు ఖాళీ బండి మీద ఇరవై చూపించి ఉంటే రేపు నేను నిజంగానే తిట్టుకునేవాణ్ణి. ఇంత బరువేసి, రొయ్యలకు ఏసీ పెట్టి, పంతొమ్మిది ఇచ్చిందిరా ఇది. నా పాతదాని మీద ఇదంతా వేస్తే ఉప్పలగుప్తం దాటేది కాదు.”

రత్నం కాటా అంకెను చూస్తూ నిలబడ్డాడు. “అయినా ఇరవై అన్నాను కదండీ.”

“ఒరే తమ్ముడూ, ఆ ఒక్క కిలోమీటరూ రొయ్యలు తిన్నాయి. మనం రొయ్యల్ని తింటాం. చెల్లుకు చెల్లు. తాళం ఆయన చేతిలో పెట్టు, మాకు కూడిక టైమైపోతంది” అన్నారు సువార్తమ్మగారు.

హెడ్మిస్ట్రెస్ చెప్పాక ఇక తిరుగు లేదు. రత్నం తాళం జేబులోంచి తీసి, చొక్కాకు తుడిచి, రెండు చేతులతో ఇచ్చాడు. నేనూ రెండు చేతులతో తీసుకున్నాను. మా ఊళ్ళో తాళాలు విసురుతారు, పట్టుకోవాలి. ఇద్దరం ఆ అరటిలారీల మధ్య నిలబడ్డాం. కొన్నేళ్ళు పక్కపక్క మంచాల మీద పడుకున్నవాళ్ళం, ఇప్పుడు వాడు ఒక్కడే అటు వెళ్తున్నాడు.

“ఒక్క కోరికండీ. నన్ను ఎయిర్‌పోర్టుకు మీరే దింపాలండీ, ఈ బండి మీదే. కిరాయి ఇస్తానండీ” అన్నాడు.

“మొదటి బేరానికి కిరాయి తీసుకోను. ఒక్క షరతు. ఏ రోజు బయల్దేరతన్నావో మీ వాళ్ళెవరికీ చెప్పమాక.”

రత్నం తల దించుకున్నాడు. “ఆయ్... చెప్పేసేనండీ. మావయ్యగారు అప్పుడే ఇంకో ఐసు పెట్టె కడిగించేరంటండీ.”